చెకుముకి తుపాకిని చింతపండుతో తోమితే

ఏడాదిలో ఒక్క రోజు తప్ప మా తుపాకి బర్మాలో, తామ్వే అనే పేటలో, మా ముందుగది గోడకి వేలాడుతూ ఉండేది. పొడవు నూట ఇరవై ఒక్క సెంటీమీటర్లు, బరువు నాలుగు కిలోలకి కాస్త తక్కువ. ఆ ఒక్క రోజు తాత దాన్ని చాపలో చుట్టి సేక్కాన్‌కి తీసుకువెళ్లేవాడు. అక్కడ ఓడరేవు గోడ పక్కన మా వాళ్ల అమ్మవారి గుడి ఉంది. ఉగాది దాటాక వచ్చే సంబరంలో అమ్మవారి దీపాన్ని అగ్గిపుల్లతో వెలిగించరు. ఈ తుపాకి రాల్చే నిప్పురవ్వతోనే వెలిగించాలి.

ఇది చెకుముకి తుపాకి. తూటాలు రాకముందటి పద్ధతి. మీట నొక్కితే, దవడలో చెకుముకి రాయిని కరుచుకున్న ఇనప ముక్క ముందుకి దూకి, ఎదురుగా నిలబడి ఉన్న ఉక్కు పలకని గీరుతుంది. ఆ దెబ్బకి పలక వెనక్కి ఒరుగుతుంది. దాని కింద ఉన్న చిన్న గిన్నెలో రవ్వలు పడతాయి. రాయిని పట్టుకునే ముక్కని తాత ‘పిట్ట’ అంటాడు. చూడటానికి అది నిజంగానే వంగి పొడిచే పిట్టలా ఉంటుంది. పూర్వం గిన్నెలో మందు వేసేవారు, మేం కాల్చిన నూలుగుడ్డ పెడతాం. గుడ్డ రాజుకుంటే దాన్ని ఎండు కొబ్బరి పీచులో ఉంచి, ఊది, మంట చేసి ఒత్తికి అందిస్తాం.

తుపాకి మా ఇంటికి ఎలా వచ్చిందో తాత చెప్పేది ఇది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి రేవులో బస్తాలు మోసిన ఆయన తండ్రి, ఒక సరుకు ఓడలో లేచిన మంటల్ని ఆర్పాడట. ఓడవాళ్లు జ్ఞాపకంగా ఈ తుపాకి చేయించి, దాని కర్ర మీద వెండి రేకు బిగించి ఇచ్చారట. అందుకే పిట్ట లాగే హక్కు మా ఇంటిది. సంబరం నాడు పిట్ట లాగే ముందు తాత ఇంకో కథ కూడా చెబుతాడు: ఆయన తండ్రి ఇదే తుపాకితో నదిలో మొసలిని ఒకే దెబ్బకి కొట్టిన కథ. అది అయ్యేదాకా దీపం వెలగదు, దీపం వెలిగేదాకా భోజనాలు లేవు. నా చిన్నప్పుడు ఆ మొసలి తొమ్మిది అడుగులు. కిందటేడుకి పద్నాలుగు అయింది.

కిందటేడు పిట్ట పందొమ్మిదిసార్లు పొడిచింది. లెక్కపెట్టడం నా అలవాటు. పందొమ్మిదింటికీ కలిపి ఏడు రవ్వలు రాలాయి, ఏడూ ఎర్రగా, నీరసంగా ఉన్నాయి. గిన్నెలోకి చేరకుండానే ఆరిపోయాయి. ఎనభై ఒకటేళ్ల తాత ఊపిరి తీసుకోవడానికి తుపాకిని నేలకి ఆనించాడు. అప్పుడు గుడి కార్యదర్శి ముందుకొచ్చాడు. సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ఆయనది. వరసకి నేను బాబాయి అంటాను, ఆయన తాతని మావా అంటాడు.

“మావా, అమ్మోరికి ఆకలేస్తంది,” అని జేబులోంచి లైటరు తీసి నొక్కాడు.

అందరూ నవ్వారు. తాత కూడా నవ్వాడు, కానీ కాస్త ఆలస్యంగా.

తరవాతి ఆదివారం గుడి కమిటీ కూర్చుంది. ఇంకొక్క ఏడు చూద్దామన్నారు. అప్పటికీ రవ్వ రాకపోతే తుపాకిని గుడిలో అద్దాల బీరువాలో పెట్టి, లోపల బల్బు వేసి, దీపం మటుకు లైటరుతో కానిద్దామన్నారు. ఎవరూ దురుసుగా మాట్లాడలేదు. తాతకి రెండోసారి టీ కూడా పోశారు. ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో ఆయన కిటికీలోంచి చూస్తూ, చెవి ఒగ్గితే గాని వినబడనంత నెమ్మదిగా అడిగాడు:

“ఒరే, నువ్వు మిషన్లు సదివినావు కదా. దానికి ఏటైనాదో సెప్పగలవా?”

చెప్పగలనన్నాను. నేను నది అవతల తన్లిన్‌లో యంత్రాల విడిభాగాలు చేసే వర్క్‌షాపులో కొలతలు చూసే ఉద్యోగం చేస్తున్నాను. ఏదైనా పనిచేయకపోతే కారణం ఉంటుందనీ, అది కొలతకి అందుతుందనీ నా నమ్మకం. మర్నాడు భోజనం విరామంలో నోటుపుస్తకం తెరిచి నాలుగు అనుమానాలు రాశాను: రాయి, స్ప్రింగు, కోణం, ఉక్కు. వాటి కింద ఒక నియమం రాసి గీత గీశాను: ఒకసారికి ఒకటే మార్చాలి. రెండు మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

ముందు రాయి. రంగురాళ్లు కోసేవాళ్ల దగ్గర చెత్తబుట్టలో, గాజులా పదునుగా విరిగే గట్టి ముక్కలు దొరికాయి. ఒకటి బిగించి ముప్పైసార్లు కొట్టి, ఫోన్‌లో నిదానంగా కదిలే వీడియో తీసి రవ్వలు లెక్కపెట్టాను. పాత రాయికీ దీనికీ తేడా లేదు. తరవాత స్ప్రింగు. మా సందు మొదట్లో చేపలమ్మే ఆమెని వేలాడే తక్కెడ అడిగి తెచ్చి, పిట్టకి తగిలించి లాగాను. దాని బలం నిక్షేపంగా ఉంది. తక్కెడ తిరిగి ఇచ్చేటప్పుడు ఆమె, ఆ పిట్ట ఎన్ని కిలోలు తూగిందని అడిగి నవ్వింది. కోణం కూడా సరిగ్గానే ఉంది.

ఇక మిగిలింది ఉక్కు పలక. కొత్త ఆకురాయి తీసుకుని దాని అంచు మీద ఒక్కసారి లాగాను. గట్టి ఉక్కు మీద ఆకురాయి జారిపోవాలి. ఇది మెత్తగా కొరికింది, ఇనప రజను రాలింది. ఇలాంటి పలకలకి పైన మాత్రమే గట్టి పొర ఉంటుంది, మందం గోటి పొరంత. కింద ఉన్నది మామూలు మెత్తని ఇనుము, రాయి ఎంత గీరినా రవ్వ ఇవ్వదు. మా పలకకి ఆ పొర పోయింది. అంతవరకు ఆశ్చర్యం లేదు. ఆశ్చర్యం ఏమిటంటే రాయి తగలని చోట కూడా పోయింది. అంచులు, వెనక వైపు, మరమేకుల తలల మీద గాళ్లు, చివరికి వెండి రేకు మీద అక్షరాలు, అన్నీ ఒకేలా అరిగి ఉన్నాయి. ఏదో ఒకటి ఏళ్ల తరబడి ఈ తుపాకిని అన్ని వైపులా సమానంగా, ఓపిగ్గా రుద్దుతూ వచ్చింది.

అదేమిటో తెలియడానికి తల తిప్పితే సరిపోయింది. వంటింటి గట్టు దగ్గర అమ్మమ్మ ఇత్తడి కుందులు తోముతోంది. ఒక చేతిలో చింతపండు, రెండో చేతి పక్కన ఇటుక పొడి.

దసరాకి ఆయుధపూజ కదా. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఆయుధాన్ని ముందురోజు ఆమె కుందులతో పాటు తోమేది. తోమాక పసుపు రాసి, కుంకుమ పెట్టి, నూనె పట్టించేది. పెళ్లయి వచ్చిన ఏడు అత్తగారు చూపించింది, అప్పటినుంచీ ఒక్క ఏడు మానలేదు. నేను చెప్పడానికి మాటలు వెతుక్కుంటూ, ఆమ్లం, రాపిడి, పొర మందం అంటూ మొదలుపెట్టాను. ఆమె చేతులు కడుక్కుని పూర్తిగా విన్నది.

“అయితే అమ్మోరి దీపం నా సింతపండే ఆర్పీసిందన్నమాట,” అంది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ, “ఇన్నేళ్లు తోమినాను. అద్దంలా ఉందన్నోలే గాని వద్దన్నోడు ఒక్కడూ లేడు,” అంది.

తాత గుమ్మంలో నిలబడి అంతా వింటున్నాడని మాకు అప్పుడే తెలిసింది. ఇంతకాలం తన చేతిలో బలం తగ్గిందనే అనుకున్నానని, ఇప్పుడు ప్రాణం లేచివచ్చిందని నాతో అన్నాడు. ఆ రోజంతా హుషారుగా తిరిగాడు. అమ్మమ్మ మాత్రం ఆ నాటినుంచి చారులో చింతపండు వెయ్యడం మానేసింది.

పలక సంగతి తేలింది గనక, మిగతా తుపాకిని కూడా తెలుసుకుందామని కూర్చున్నాను. వెండి రేకు మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలు రుద్దాను. పక్కనుంచి టార్చి వేసి, వెలుగు కోణం మారుస్తూ అరవై రెండు ఫొటోలు తీశాను. పాత తుపాకులు సేకరించేవాళ్లు నెట్‌లో కలుసుకునే చోట కొన్ని పెట్టాను. వారం తరవాత ఎక్కడో దూరదేశంలో ఉన్న ఒక పెద్దమనిషి ఓపిగ్గా జవాబు రాశాడు. గొట్టం లోపల మెలికలు తిరిగిన గాళ్లు ఉన్నాయి గనక ఇది రైఫిలే. కానీ ఇలాంటివి పాత పద్ధతిని గౌరవంగా గుర్తుచేయడానికి చేయించి బహుమతిగా ఇచ్చినవి. గిన్నె పక్కన గొట్టంలోకి వెళ్లే సన్నని రంధ్రం ఉందో లేదో చూడమన్నాడు.

చూశాను. రంధ్రం ఉండాల్సిన చోట చిన్న చుక్క చెక్కి ఉంది, అంతే. తొలవలేదు. అంటే ఈ తుపాకి ఒక్కసారి కూడా పేలలేదు, పేలే వీలు లేదు. నాకు ముందుగా గుర్తొచ్చింది మొసలి.

పెన్సిలు రుద్దిన కాగితం మీద మిగిలిన అక్షరాలు కూడబలుక్కుంటే ఇంకొకటి తెలిసింది. తాత తండ్రి పేరు అక్కడ లేదు. ఎవరి పేరూ లేదు. ఓడనీ సరుకునీ కాపాడినందుకు నాలుగో నంబరు ముఠాకి, అని ఉంది. ముఠా అంటే రేవులో కలిసి బస్తాలు మోసే కూలీల జట్టు. సంవత్సరం ఉన్న చోటు నున్నగా అరిగిపోయింది.

ఈ రెండింటినీ ఎలా చెప్పాలో తెలియక మూడు రోజులు నోటుపుస్తకంలో మోసుకు తిరిగాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడం తప్ప నాకు వేరే పద్ధతి చేతకాదు. చివరికి టీకొట్టులో పొట్టి బల్ల దగ్గర తాత ఎదురుగా కూర్చుని, ముందు రంధ్రం సంగతి చెప్పాను. ఆయన టీ పళ్లెంలో పోసుకుని ఊదుకుంటూ తల ఊపాడు.

“సిన్నప్పుడే సూది ఎట్టి సూసినాన్రా. ఎల్లనేదు.”

“మరి మొసలి?”

“మొసలికేటి, బాగానే ఉంది,” అన్నాడు.

వెండి రేకు సంగతికి మాత్రం ఆయన పళ్లెం కింద పెట్టాడు.

“పేరు నేదా?”

“లేదు తాతా. ముఠా అని ఉంది.”

“మా అయ్య అందులో ఉన్నాడు కదా?”

“ఉండే ఉంటాడు.”

“ఉండే ఉంటాడేటి. ఉన్నాడు.”

తరవాత ఆ విషయం ఎత్తలేదు. మూడో రోజు పొద్దున్న నేను పనికి బయలుదేరుతుంటే గుమ్మం దగ్గర ఆపాడు. “నాలుగో నంబరంటే లైటరోడి తాత కూడా ఉన్నాడు అందులో,” అన్నాడు. కమిటీ కూర్చున్న నాటినుంచీ కార్యదర్శికి ఆయన పెట్టిన పేరు అది. “ముందర అది ఎలిగేలాగ సెయ్యి. ఎవులిదో ఎనక సూసుకుందాం.”

పలకకి మళ్లీ గట్టి పొర ఎక్కించాలి. దాని పద్ధతి పాతదే: పలకని బొగ్గుపొడిలో పాతి, గాలి చొరకుండా డబ్బా మూసి, గంటల తరబడి ఎర్రగా కాలిస్తే బొగ్గు సారం ఇనుము పైపొరలోకి దిగుతుంది. వెంటనే నీళ్లలో ముంచితే ఆ పొర గట్టిపడుతుంది. మా వర్క్‌షాపులో కరెంటు కొలిమి ఉంది. ఆదివారం వాడుకోవడానికి అనుమతి తీసుకున్నాను. నలభై నిమిషాలకి కరెంటు పోయింది. తుపాకి ముక్క కోసం జనరేటరు వేస్తారా అని నేను అడగలేదు, వాళ్లూ అనలేదు.

ఇక తన్లిన్‌లోనే కత్తులు, కొడవళ్లు చేసే ఒక బర్మా కమ్మరి దగ్గరికి వెళ్లాను. అక్కడ అందరూ ఆయన్ని సయా, అంటే గురువుగారు, అంటారు. బొగ్గు కొలిమికి కరెంటుతో పని లేదు. ఆయన పలకని తిప్పి చూసి, బొగ్గులో కాల్చిన తోలూ ఎముకల పొడీ కలిపితే త్వరగా ఎక్కుతుందని చెప్పాడు. ఇంట్లో ఆ మాట చెప్పాను. అమ్మవారు వేటపోతునే తింటుంది, ఎముకకి అడ్డేమిటని తాత అన్నాడు. దసరాకి తన దేవుడి గూటిలోకి తోలు తగిలిన వస్తువు రాదని అమ్మమ్మ అంది. చింతపండు తరవాత ఆమె మాట కాదనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

కొబ్బరి చిప్పల బొగ్గుకి కాస్త చాకలి సోడా కలిపినా పని జరుగుతుంది, కాకపోతే నిదానం. చిప్పలెక్కడివి? గుడిలో కొట్టిన కాయలవి. గోనెడు చిప్పల కోసం కార్యదర్శి బాబాయి దగ్గరికే వెళ్లాల్సి వచ్చింది. ఎందుకని అడిగితే, తుపాకికి అన్నాను. ఆయన తనే గోనె భుజాన పెట్టుకుని బస్సు దాకా మోశాడు.

“నేను లైటరు కొన్నది సుట్టకిరా, మీ తాత మీద కోపానికి కాదు,” అని బస్సు కదిలాక కిటికీ పక్కన నడుస్తూ చెప్పాడు.

తుపాకి ఆకారంలో ఉన్న వస్తువుతో ఈ రోజుల్లో సోదాలుండే వంతెన దాటడం తెలివైన పని కాదు గనక, తుపాకిలో నాతో వచ్చింది పలక మాత్రమే. భోజనం క్యారేజీలో అడుగు గిన్నెలో పెట్టాను, పై గిన్నెలో అన్నం. సయా డబ్బాని బంకమట్టితో మూశాడు. నాలుగు గంటలు కాల్చాం. నేను ఉష్ణోగ్రత కొలిచే తీగ ఒకటి తీసుకెళ్లాను. ఆయన కళ్లు చికిలించి, రంగు చూసి, ఇప్పుడు తొమ్మిది వందలు అనేవాడు. నేను మీటరు చూసేవాణ్ని. మూడుసార్లూ పది డిగ్రీలకి మించి తప్పలేదు. నాలుగోసారి నేను మీటరు చూడటం మానేసి సంచిలో పెట్టేశాను. ఆయన అది గమనించి నాకో అరటిపండు ఇచ్చాడు. నీళ్లలో ముంచినప్పుడు పలక కీచుమంది. ఆరాక ఆకురాయి లాగాను. గాజు మీద లాగినట్టు జారిపోయింది.

అలా గట్టిపడిన ఉక్కు పెళుసుగా ఉంటుంది. దాన్ని నూట తొంభై డిగ్రీల దగ్గర ఒక గంట ఉంచి పెళుసు కాస్త తగ్గిస్తే గాని దెబ్బకి నిలవదు. ఇంట్లో అంత వేడిని గంటసేపు నిలకడగా ఉంచడం ఎలా అని నోటుపుస్తకంలో మూడు మార్గాలు రాసుకుంటుంటే, అమ్మమ్మ భుజం మీదుగా తొంగిచూసి అదెంత వేడి అని అడిగింది. చెప్పడానికి నా దగ్గర పోలిక లేక, నూనెలో పిండి చుక్క వేస్తే మునగకుండా వెంటనే పైకి తేలేంత, అన్నాను.

“గారెల కాకేనా. దానికింత రాత ఎందుకు?”

బాండీలో నూనె పోసి పొయ్యి వెలిగించి, పీట వేసుకుని కూర్చుంది. నేను తీగ ముంచి మీటరు పట్టుకున్నాను. నూట ఎనభై ఎనిమిది. నూట తొంభై ఒకటి. నూట ఎనభై తొమ్మిది. గంటసేపు ఆమె మంట తగ్గిస్తూ పెంచుతూ ఉంటే ముల్లు ఆ నాలుగైదు డిగ్రీల మధ్యే తిరిగింది. ఆమె మీటరు వైపు ఒక్కసారి కూడా చూడలేదు. పలకని బయటికి తీసినప్పుడు దాని మీద ఎండుగడ్డి రంగు పల్చగా పాకింది. పుస్తకాల్లో చెప్పిన రంగు సరిగ్గా అదే. ఆ సాయంత్రం చారులో చింతపండు మళ్లీ ప్రత్యక్షమయింది.

పలకని సబ్బుతో జిడ్డు లేకుండా కడిగి బిగించాను. మొదటి దెబ్బకే తెల్లటి రవ్వలు ధారగా రాలాయి. లెక్కపెట్టలేకపోయాను. తాత ఇంకోసారి కొట్టమన్నాడు, తరవాత ఇంకోసారి. ఆ తరవాత తుపాకి లాక్కుని తనే కొట్టబోయాడు. పిట్టని లాగగలిగాడు గాని, ఒక చేత్తో లాగుతూ రెండో చేత్తో నాలుగు కిలోల తుపాకిని నిలకడగా పట్టుకోలేకపోయాడు. గొట్టం మూతి గాలిలో సున్నాలు చుట్టింది. నేను పట్టుకుంటానన్నాను. వద్దన్నాడు.

సంబరం నాటి సాయంత్రం గుడి నిండిపోయింది. తుపాకి బాగుపడిన సంగతి అప్పటికే అందరికీ తెలుసు, అయినా కార్యదర్శి బాబాయి చొక్కా జేబులో లైటరు ఎత్తుగా కనబడుతోంది. తాత మొసలి కథ మొదలుపెట్టాడు. ఓడ, మంటలు, బహుమతి, నది. నేను నేల చూస్తూ నిలబడ్డాను. అప్పుడు కథ ఎప్పుడూ వెళ్లని దారిలోకి మళ్లింది.

“ఇది మా అయ్య ఒక్కడికిచ్చింది కాదు. నాలుగో నంబరు ముఠాకిచ్చినారు. ఆ రేకు మీద రాసుంది, మా మనవడు సదివినాడు. ఇంత తుపాకి ఒక్కడు ఎత్తగలడేటి? మొసలిని కొట్టినప్పుడు ఎనక పిట్ట లాగినోడు మా అయ్య. ముందర గొట్టం పట్టుకున్నోడు,” అని ఆగి, గుంపులోకి చూశాడు, “ఈ లైటరోడి తాత. రా అల్లుడా, పట్టు.”

బాబాయి ముఖంలో రంగులు మారాయి. చెప్పులు ఎక్కడ వదిలాడో చూసుకుంటున్నవాడిలా ఒకసారి వెనక్కి చూసి, వచ్చి, రెండు చేతులతో గొట్టం పట్టుకున్నాడు. వెనక నుంచి ఒక ముసలాయన, బస్తా ఎత్తేటప్పుడు అన్నట్టు, హైలెస్సా అన్నాడు. గుడి మొత్తం అందుకుంది.

మొదటి దెబ్బకి రవ్వలు గిన్నె పక్కన పడ్డాయి. రెండో దెబ్బకి గుడ్డ మధ్యలో ఎర్రటి చుక్క పుట్టి మెల్లగా పెద్దదైంది. అమ్మమ్మ దాన్ని పీచులోకి తీసుకుని ఊదింది. మంట లేచింది. ఒత్తి అంటుకుంది. తాత తుపాకిని బాబాయి చేతుల్లోనే వదిలేసి, ముక్కు చీదుకోవడానికి పక్కకి వెళ్లాడు.

అద్దాల బీరువా మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. తుపాకి ఆరు నెలలు మా ఇంట్లో, ఆరు నెలలు బాబాయి ఇంట్లో ఉండాలని భోజనాల దగ్గరే తేలిపోయింది. ముఠాలో ఇంకెవరెవరు ఉన్నారని నలుగురైదుగురు నన్ను అడిగారు. అమ్మమ్మ మాత్రం బాబాయి భార్యని పక్కకి పిలిచి, పొడిగుడ్డ తప్ప ఇంకేదీ తగలకూడదని, పసుపు కర్రకి మాత్రమే రాయాలని, తనే కనిపెట్టినంత ఖచ్చితంగా చెప్పింది.

తిరిగి వచ్చేటప్పుడు గేటు దగ్గర బాబాయి నన్ను ఆపాడు. చుట్ట నోట్లో ఉంది, వెలిగించలేదు.

“ఒరే, నిజం సెప్పు. మా తాత ముందర పట్టుకున్నాడని ఆ రేకు మీద ఉందా?”

ఉన్నది ఉన్నట్టు చెప్పడం తప్ప నాకు వేరే పద్ధతి లేదని ముందే రాశాను.

“అంత వివరంగా లేదు బాబాయి,” అన్నాను. “కానీ గొట్టం వైపే బరువెక్కువ. నేను తూచాను. ఆ వైపు ఎవరో గట్టి మనిషే పట్టుకుని ఉండాలి.”

ఆయన తృప్తిగా తల ఊపి, లైటరు తీసి చుట్ట వెలిగించుకున్నాడు.